పాత చీరలు పారేయొద్దు: ఇంట్లో అందరూ కూర్చుని బొంత కుట్టుకునే పద్ధతి, పెట్టె తెరిచింది మొదలు అంచు మడిచేదాకా

పోయిన చలికాలం నేను వింటేజ్ లుక్ అని చెప్పి ఆన్‌లైన్‌లో ఒక దుప్పటి తెప్పించినాను. ప్యాచ్‌వర్క్ మాదిరి ప్రింటు కొట్టినది, అంటే చూసేదానికి అతుకులు వేసినట్టే ఉంటాది కానీ ఒక్క అతుకు కూడా లేదు. మా అత్త దాన్ని తిరగేసి మరగేసి చూసి, "ఏమ్మే, అతుకుల బొమ్మకి ఇన్ని దుడ్లు పెట్టినావా, పెట్టె నిండా నిజం అతుకులు పడుండాయి కదా" అనింది. నాకు రోషం వచ్చింది, దాచేదేముంది. కానీ ఆ సాయంత్రమే మంచం కింద నుంచి ట్రంకు పెట్టె బైటికి లాగినాము. ఇప్పటికి మూడు బొంతలు కుట్టినాము, మొదటిది నేనే పాడు చేసినాను, రెండోది పర్వాలేదు, మూడోదాన్ని మా పాప ఎవ్వరినీ ముట్టుకోనియ్యదు. అనంతపురంలో మా వీధిలో నలుగురు అడిగినారు, కడపలో మా చిన్నమ్మ కూతుర్లు అడిగినారు, ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇట్లా వరసగా రాసి పెడతాండాను.

బొంత అంటే తెలీనోళ్లకి ఒక్క మాట. లోపల దూది ఉండదు, పరుపు కాదు. పాత నూలు చీరలు నాలుగైదు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి మొత్తం చేత్తో కుట్టేస్తే అదే బొంత. బెంగాల్ వాళ్లు దీన్నే కాంథా అంటారు, మనకు పక్కనే ఉండే ఉత్తర కర్ణాటకలో కౌది అంటారు, మరాఠీ వాళ్లు గోధడి అంటారు. పెద్ద ఊర్లలో షోరూముల్లో వీటి రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి, మన జేజెమ్మలేమో ఊరికే కుట్టి కాన్పుకొచ్చిన కూతురికి పెట్టి పంపించేటోళ్లు.

మొదటి పని: పెట్టె తెరవడం, చీరలు ఏరుకోవడం

ఈ పని ఒక్కరే చేయొద్దు. పెద్దోళ్లు పక్కనుంటేనే చేయండి, ఎందుకంటే ఏ చీరకి కత్తెర పెట్టొచ్చో ఏది పెట్టకూడదో వాళ్లకే తెలుసు. నేను ఆకుపచ్చ చీర ఒకటి బాగుందని పక్కన పెడితే మా అత్త మాట్లాడకుండా తీసి మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఎందుకని అడగలేదు. నాలుగు రోజుల తర్వాత కుట్టేటప్పుడు తనే చెప్పింది, అది వాళ్లమ్మ చివరిసారి ఇంటికొచ్చినప్పుడు కట్టుకున్నదంట.

చీరల్లో చూసుకోవాల్సింది ముఖ్యంగా గుడ్డ. నూలు చీరలే కావాలి. వాయిల్ చీరలు, నేత చీరలు ఎంత పాతవైతే అంత మెత్తగా ఉంటాయి. మా పెట్టెలో కడప దగ్గర మాధవరం నేత చీరలు రెండు, మా అత్త వాళ్ల అత్త కట్టిన ఎనిమిది గజాలది ఒకటి, ఇంకా ఒక ఎమ్మిగనూరు దుప్పటి దొరికినాయి. ఎమ్మిగనూరు గుడ్డ అంటే మన కర్నూలు జిల్లా వాళ్లకి చెప్పాల్సిన పని లేదు, మాచాని సోమప్పగారు 1938లో అక్కడ నేతగాళ్ల సొసైటీ పెట్టినారు, 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ దుప్పటి మధ్యలో అరిగి జల్లెడ మాదిరి అయింది కానీ అంచులు ఇంకా గట్టిగా ఉండాయి, దాన్ని లోపలి పొరకి వాడినాము.

నైలెక్స్, పాలిస్టర్ చీరలు కలపొద్దు. సూది దిగదు, గాలాడదు, మన ఎండలకి ఒళ్లంతా చెమట పడతాది. ఏది నూలో ఏది కాదో తెలీకపోతే చీర అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద మెత్తగా రాలిపోతాది, పాలిస్టరైతే కరిగి గట్టి పూస మాదిరి అవుతాది. ఇది పిల్లలకి ఎంత ఇష్టమో, కానీ అగ్గిపెట్టె మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

పట్టు చీరల సంగతి వేరే. ధర్మవరం పట్టు (ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ మా నోటికి అదింకా అనంతపురమే) బొంతకి పనికిరాదు. పాత పట్టు మడతల దగ్గరే పగులుతాది, కుడితే సూది పడిన చోటల్లా చినుగుతాది. దాన్ని తెల్ల పంచె గుడ్డలో చుట్టి పెట్టుకుని రెండు మూడు నెలలకొకసారి మడత మార్చండి, ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టొద్దు. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో అరుచుకుంటా వస్తారే, వాళ్లు చూసేది జరీలోని వెండి, మన చీర కాదు. తొందరపడి ఇచ్చేయొద్దు.

ఒక్కో చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. పల్చబడిన చోట్లు కనపడతాయి. రెండు చేతులా కొంచెం లాగి చూస్తే 'పర్ర్' మని శబ్దం వస్తే ఆ ముక్క వరకు కత్తిరించి పక్కన పెట్టేయండి. మరకలకి భయపడొద్దు, చిరుగులకి భయపడండి.

రెండో పని: ఉతకడం (ఇక్కడే నేను బోల్తా పడినాను)

మొదటి బొంతకి నేను చేసిన తప్పు ఇదే. పైన పొరకి పాత చీరలు వేసి, అడుగుకి మాత్రం అంగట్లో కొత్త కాటన్ గుడ్డ తెచ్చి ఉతక్కుండానే వేసేసినాను. పన్నెండు రోజులు కుట్టినాము. మొదటిసారి నీళ్లలో ముంచేసరికి కొత్త గుడ్డ కుంచించుకుపోయింది, పాత చీరలు కుంచించుకుపోలేదు, మొత్తం బొంత వేయించిన అప్పడం లాగా ముడుచుకున్నది. దానికితోడు ఎర్ర అంచు రంగు దిగి తెల్ల చీరంతా గులాబీ రంగు. మా అత్త ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడది మా కుక్క పరుపు.

కాబట్టి ప్రతి గుడ్డా, పాతదైనా కొత్తదైనా, ముందే ఉతికి ఆరబెట్టాలి. పాత చీరల్లో గంజి ఉండిపోయుంటాది, గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పిండితే నీళ్లు జిగటగా తెల్లగా వస్తాయి. ఆ గంజికోసమే సిల్వర్ ఫిష్ పురుగులు, బొద్దింకలు వస్తాయి, అందుకని అది పూర్తిగా పోవాలి. తర్వాత కుంకుడుకాయ రసంలో మెల్లగా ఉతకండి, బండకేసి బాదొద్దు, పాత నూలు తట్టుకోలేదు. రంగు దిగుతాదా లేదా చూసేదానికి తెల్ల గుడ్డ తడిపి చీర మీద గట్టిగా రుద్దండి, రంగు అంటితే ఆ చీర మళ్లీ మళ్లీ విడిగా ఉతకాల్సిందే, నీళ్లు తేటగా వచ్చేదాకా. ఉప్పు వేస్తే రంగు నిలుస్తాదని అందరూ అంటారు, నేనూ వేసి చూసినాను, ఏం నిలవలేదు.

మిద్దె మీద నీడ పట్టున ఆరేసి, కొంచెం తడి ఉండంగానే ఇస్త్రీ చేసుకుంటే పరిచేటప్పుడు తిప్పలుండవు.

మూడో పని: కొలతలు

ఇది చదివి భయపడొద్దు, లెక్క చాలా తేలిక. మామూలు చీర 18 అడుగుల పొడవు, 45, 46 అంగుళాల వెడల్పు ఉంటాది. దాన్ని మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవులో మూడు పొరలు వస్తాయి. రెండు చీరలు ఇట్లా మడిచి ఒకదాని మీద ఒకటి వేస్తే ఆరు పొరలు, ఒక మనిషికి బొంత తయారు. ఎనిమిది గజాల చీర అంటే 24 అడుగులు, నాలుగు మడతలు వేస్తే అదే 6 అడుగులు, నాలుగు పొరలు. మా అత్త ఈ లెక్క వేళ్లమీద చెప్పేసింది, నేను ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసేలోపే.

పిల్లలకైతే ఒక చీరని నాలుగు మడతలు వేయండి, నాలుగున్నర అడుగులు, నాలుగు పొరలు, ఒక్క చీరతో అయిపోతాది. డబుల్ కాట్‌కి కావాలంటే రెండు చీరల అంచులు పక్కపక్కన పెట్టి పొడుగునా కలిపి కుట్టి తర్వాత మడవాలి, మొత్తం నాలుగు చీరలు పడతాయి. మొదటిసారే డబుల్ కాట్‌కి పోవద్దు. మధ్యలో వదిలేస్తారు.

ఏడెనిమిది పొరలు దాటితే చేతి సూది దిగదు, వేళ్లు పోతాయి. మన ఊర్లకి ఐదారు చాలు. "మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకో" అంటారు కానీ మా ఆయనకి కాళ్లే పొడుగు, ఆయన బొంతకి కాళ్ల వైపు జానెడు అంచు ముక్క అతికినాము.

నాలుగో పని: పరచడం

పొద్దున్నే ఊడ్చి తుడిచిన బండల మీద చేసుకోండి. మా ఇంట్లో తాడిపత్రి బండలు, నున్నగా చల్లగా ఉంటాయి, గుడ్డ జారుతాది కానీ ముడతలు బాగా తెలుస్తాయి. అన్నిటికన్నా అందమైన చీర అడుగున, మంచి వైపు బండకి తగిలేట్టు. దాని మీద అరిగిపోయినవి, అతుకులవి. అన్నిటికన్నా పైన మళ్లీ మంచి చీర, మంచి వైపు మీకు కనపడేట్టు. ప్రతి పొర వేసినాక నలుగురు నాలుగు మూలలు పట్టుకుని లాగాలి, మధ్యలో అరచేత్తో నిమరాలి. ఇక్కడ పిల్లల్ని పిలవండి, నలుగురు లేకుండా ఈ పని కాదు. మా వాడు పదేళ్లోడు, హోమ్‌వర్క్ అంటే పారిపోతాడు, బొంత మూల పట్టుకోమంటే పరిగెత్తుకుంటా వస్తాడు.

ఇప్పుడు పిన్నీసులు. జానెడుకొకటి చొప్పున మొత్తం పెట్టండి. తర్వాత తెల్ల దారంతో దూరం దూరంగా, తర్వాత పీకేసే కచ్చా కుట్లు, నిలువునా నాలుగు వరసలు, అడ్డంగా ఐదు వరసలు వేసుకోండి. ఇది బోరు పని, కానీ ఇది వదిలేస్తే మధ్యలో గుడ్డంతా ఒక పక్కకి పోయి గుట్ట కట్టుకుంటాది. కచ్చా కుట్లు అయినాక పిన్నీసులు లెక్కపెట్టి తీసేయండి. ఎన్ని పెట్టినారో అన్ని రావాలి. పెట్టేటప్పుడే కాగితం మీద రాసుకోండి.

ఐదో పని: కుట్టడం

సామాన్లు పెద్దగా ఏం లేవు. కొంచెం పొడుగు సూది, కన్ను పెద్దది. దబ్బనం కాదు, దబ్బనం గోనె సంచులకి, దీనికి వాడితే చిల్లులు పడతాయి. గట్టి నూలు దారం. మధ్య వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు, లేకపోతే వేలికి గుడ్డ పేలిక చుట్టుకోండి. ఒక కొవ్వొత్తి ముక్క, దారాన్ని దాని మీద ఒకసారి రుద్దితే చిక్కు పడదు.

దారం రెండు మూరల కంటే ఎక్కువ తీసుకోవద్దు. పొడుగు తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతాదని నేను కూడా అనుకున్నాను, చిక్కులు విప్పేదానికే సగం మధ్యాహ్నం పోయింది.

కుట్టు మామూలుదే, పైకీ కిందికీ, పైకీ కిందికీ, స్కూల్లో మొదట నేర్పించే రన్నింగ్ కుట్టు. అంగుళానికి మూడు, నాలుగు పడితే చాలు. మధ్యలో నిలువు గీత ఒకటి వేసి అక్కడనుంచి అటు ఇటు జరుగుతా పోవాలి, అప్పుడు ముడతలు అంచుల వైపు జరిగి పోతాయి. వరసకి వరసకి మధ్య రెండు వేళ్ల దూరం, అంగుళంన్నర అనుకోండి. 45 అంగుళాల వెడల్పుకి 30 వరసలు. ఒక వరసకి కొత్తోళ్లకి ఇరవై నిమిషాలు పైనే పడతాది, అంటే మొత్తం మీద పది పన్నెండు గంటల పని. ముడి కనపడకుండా ఉండాలంటే దారం కొస ముడేసి పై పొర కింద నుంచి లోపలికి దూర్చి చిన్నగా లాగండి, ముడి పొరల మధ్యలోకి పోతాది.

మేమెట్లా చేస్తామంటే రోజూ మధ్యాహ్నం అన్నాలైనాక మూడు నుంచి నాలుగు దాకా. నేను ఒక పక్క, అత్త ఎదురుగా, మధ్యలో బొంత. పాప దారం ఎక్కించి ఇస్తాది, అత్తకి సూది కన్ను కనపడదు కాబట్టి ఐదారు సూదుల్లో ముందే ఎక్కించి దిండుకి గుచ్చి పెడతాది. టీవీ పెట్టుకోము. పెట్టుకుంటే చూపు అటుపోయి కుట్లు వంకరపోతాయి అని మొదట ఆపినాము, తర్వాత ఎవరికీ గుర్తు కూడా రాలేదు.

కుడతా కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. సోదికి పోతే పాతవన్నీ బైటపడినట్టు, ఏ చీర ఎప్పుడు కొన్నారు, ఎవరికి కొనలేదని ఎవరు అలిగినారు, అన్నీ. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు తెలీని సంగతులు ఆ రెండు వారాల్లో తెలిసినాయి. పసుపు నేత చీర పల్లూ దగ్గర చిన్న కాలిన చిల్లు ఉంది, రూపాయి బిళ్లంత. ఉగాదికి ఓళిగలు చేస్తాంటే కట్టెల పొయ్యిలో నిప్పురవ్వ ఎగిరి పడిందంట, అప్పుడు మా ఆయన కడుపులో ఉన్నాడంట. పాప దాని మీద గుండె ఆకారం ముక్క అతుకుతానంది. అత్త చాలాసేపు చూసి, "మీ తాత పంచె ముక్క తేపో" అనింది. తెల్ల పంచె ముక్క గుండ్రంగా కత్తిరించి, అంచు లోపలికి మడిచి, చిన్న చిన్న కుట్లతో తనే అతికింది. మా మామ పోయి ఆరేళ్లు. అతుకు సరిగ్గా చిల్లు కంటే వేలెడంత పెద్దగా ఉండాలి చుట్టూరా, లేకపోతే పల్చటి గుడ్డ పక్కనుంచి మళ్లీ చినుగుతాది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఒక మాట, పోట్లాట పడినరోజు కూడా కూర్చోండి. మాకూ పడినాయి, ఆ రోజు కుట్లు కొంచెం దగ్గర దగ్గరగా, గట్టిగా పడినాయి అంతే, ఇప్పటికీ చూపించొచ్చు ఏ వరసో.

మూలల్లో డిజైన్ కావాలంటే

గీతలు చాలు అనుకుంటే ఈ భాగం వదిలేయండి. కావాలంటే పిన్‌టరెస్ట్‌లో వెతకొద్దు, ఒక ఆదివారం లేపాక్షి పోయి రండి. అక్కడ లతా మండపం స్తంభాల మీద రకరకాల లతలు, పూలు చెక్కి ఉంటాయి, వాటినే చీరల అంచులకి నేతగాళ్లు వాడుకుంటారు. గుడి లోపల పైకప్పు మీద విజయనగరం కాలం బొమ్మల్లో ఆడోళ్లు కట్టిన చీరల అంచులు కూడా చూడండి, మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. ఫోటో తీసుకొచ్చి, నచ్చిన పువ్వు ఒకటి కాగితం మీద పెద్దదిగా గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, బొంత మూల మీద పెట్టి ముగ్గుపిండి మూటతో అద్దితే చుక్కలు పడతాయి. ముదురు రంగు గుడ్డ మీద బాగా కనపడతాది. చుక్కల మీదే కుట్టుకుంటా పోవడమే.

ఆరో పని: అంచు

30 వరసలు అయినాక కచ్చా కుట్లు పీకేసి నాలుగు వైపులా ఎగుడు దిగుడు లేకుండా కత్తిరించండి. వేరే చీర అంచు నాలుగు అంగుళాల వెడల్పు పట్టీ తీసి, బొంత అంచుని దాంట్లో పెట్టి రెండు వైపులకీ మడిచి కుట్టేయండి. ఇంట్లో కాలితో తొక్కే మిషన్ ఉంటే ఈ ఒక్క పని దాని మీద చేసుకోవచ్చు. మా మిషన్ బెల్టు ఎండిపోయి తెగిపోయుంటే మా ఆయన కొత్తది తెచ్చి వేసినాడు, నూనె పోసినాడు, ఇప్పుడది హాల్లోకి వచ్చింది, ముందు వంటింటి మూలలో బియ్యం డబ్బాలు మోసేది.

ట్రంకు పెట్టెని కూడా అట్లే వదిలేయలేదు. తుప్పుని గరుకు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, దాని మీద ఎనామిల్ రంగు రెండు పూతలు. లోపల మాత్రం రంగు వేయలేదు, మూతకి లోపల మా మామ పెన్సిల్‌తో రాసిన ఏవో లెక్కలు ఉండాయి. లోపల పాత పంచె పరిచి వేపాకు ఎండబెట్టి మూట కట్టి పెట్టినాము. కలరా ఉండలు వేస్తారు చాలామంది, పెద్దోళ్ల బట్టలకైతే మీ ఇష్టం, చంటిబిడ్డ బొంతలకి, బట్టలకి మాత్రం వద్దు, కొంతమంది పసిపిల్లలకి ఆ మందు వాసనకే రక్తం దెబ్బతింటాది. ఇంకోటి, చంటిబిడ్డకి బొంత కింద పరిచేదానికే, మీద కప్పేదానికి కాదు. ఏడాది నిండేదాకా ముఖం దగ్గరకి ఏ దుప్పటీ రానియ్యొద్దు.

మిగిలిన పేలికలు పారేయొద్దు. కాస్త పెద్దవైతే వేడి గిన్నెలు దించే గుడ్డలు, చిన్నవైతే జడ మాదిరి అల్లి గుండ్రంగా చుట్టి కుడితే కాళ్లు తుడుచుకునే పట్టా.

ఉతికేటప్పుడు

బొంత తడిస్తే ఒక మనిషి మోయలేరు. ఏడాదికి రెండుసార్లు చాలు, పెద్ద టబ్బులో నానబెట్టి కాళ్లతో తొక్కాలి, పిల్లలకి ఇంతకంటే పండగ లేదు. వాషింగ్ మిషన్లో తిప్పితే పాత పొరలు లోపల్లోపలే పీలికలు అవుతాయి. పిండొద్దు, పిట్టగోడ మీద మడిచి వేస్తే నీళ్లు కారిపోతాయి, తర్వాత ఎండలో రెండు రోజులు. ముందు చిరిగేది మెడ దగ్గర అంచు, అది చిరిగితే దాని మీదే ఇంకో పట్టీ వేసేయండి.

నాలుగోది మొన్న శ్రావణ శుక్రవారం మొదలుపెట్టినాము. మా ఆయన ఎప్పుడూ లేంది తనంతట తానే తన పాత లుంగీలు రెండు తెచ్చి "ఇవి కూడా వేయండి" అని ఇచ్చినాడు. పాప పోగు లాగి, నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని కాల్చి చూసింది. గట్టి పూస మాదిరి అయింది. "నాయనా, పాలిస్టరు" అని తిరిగి ఇచ్చేసింది, ఆయన ముఖం చూడాల మీరు.